మేనేజరు బల్ల మీది కవరు

బేస్‌బాల్ ఫైనల్లో మా అమెరికన్ ఆటగాడు లోవెల్ తేలికైన క్యాచ్ వదిలేశాడు. మా ఒసాకా జట్టు ఓడిపోయింది. తెల్లారగానే మేనేజరు కువబారా గారు మా ఇద్దర్నీ పిలిపించారు.

"అమెరికాలో ఇలాగే రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ తీసేశారు," అన్నాడు లోవెల్. నేను అతని దుబాసీని. ధైర్యం చెప్పడం నా పని కాదు.

బల్ల మీద తెల్ల కవరు ఉంది. కువబారా గారు లేచి, నడుం వంచి, జపనీసులో చాలాసేపు మాట్లాడారు. నేను కవరు విప్పి లోపలి ఉత్తరం చదివాను.

"ఇంటికి పొమ్మన్నాడా? చెప్పవయ్యా!" అంటూ నా చొక్కా పట్టుకున్నాడు లోవెల్.

"అది ఆయన రాజీనామా. క్యాచ్ ఎవరు వదిలినా ఓటమి మేనేజరుదేనట. వచ్చే ఏడు కూడా మైదానంలో ఆ చోట మీరే ఉండాలని రాశారు."

లోవెల్ నా చొక్కా వదల్లేదు.

"నన్నే ఇంటికి పంపేయమని చెప్పవయ్యా," అన్నాడు.