మా పరిధి కాదు

“కూర్చోండమ్మా. నిలబడినంత మాత్రాన తీర్పు మారదు.”

ఆమె కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్లి, మళ్లీ బల్ల దగ్గరకు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల మీద ఫిర్యాదులు విచారించే ఓంబుడ్స్‌మన్ ఆఫీసు అది. ఇలాంటివాళ్లు అక్కడి అధికారికి కొత్త కాదు.

“పాపను తండ్రికి అప్పగించింది కోర్టు. కోర్టు తేల్చిన దాంట్లో మేం వేలు పెట్టకూడదు. చట్టమే మా చేతులు కట్టేసింది.”

“తీర్పు తప్పయితే?”

“ఓడినవాళ్లకు ప్రతి తీర్పూ తప్పే. జడ్జిగారికి పసిపిల్ల మీద పగా? కోర్టు సంగతులు మీకు తెలియవమ్మా. పై కోర్టుకు వెళ్లండి.”

“నేను వెళ్లడానికి వీల్లేదు.”

“గడువు దాటిందా?”

“వీల్లేదన్నానుగా.” ఆమె గొంతు హెచ్చింది, వెంటనే తగ్గింది. “నిన్న బడి దగ్గర పాపను చూశాను. జడ రిబ్బను ఊడిపోతుంటే కడదామని చెయ్యెత్తాను. రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది. కొట్టొద్దు అంది.”

అధికారి చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు.

పక్కబల్ల గుమాస్తా గొణిగాడు. “మన పరిధి కాదు సార్. నెత్తికి చుట్టుకుంటుంది.”

“నువ్వుండవయ్యా.” ఆయన ఆమె వైపు తిరిగాడు. “ఆ ఇల్లు పిల్లకు మంచిదని కోర్టుకు చెప్పిందెవరు?”

“శిశు సంక్షేమ కార్యాలయం. వాళ్ల మనిషి ఇల్లంతా చూశానని, ఇరుగుపొరుగును అడిగానని చెప్పాడు. పొద్దున ఎదురింటావిడను కనుక్కున్నాను. అసలెవరూ ఆ గడప తొక్కలేదట.”

అధికారి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“ఆ మాట ముందు చెప్పరేం? తీర్పును మేం ముట్టుకోలేం. చూడని ఇంటిని చూశామన్న ఆఫీసును మాత్రం నిలదీయగలం. అది తేలితే కోర్టు తలుపు మళ్లీ తెరుచుకుంటుంది.”

“ఎప్పటికి తేలుస్తారు? సూటిగా చెప్పండి.”

“అబ్బో, నన్నే బోనులో నిలబెట్టారే. మధ్యాహ్నమే మా మనిషి ఆ వీధిలో ఉంటాడు. సరేనా?”

అప్పుడు కూర్చుంది ఆమె. అధికారి ఫిర్యాదు కాగితం తీశాడు.

“పాప తల్లి అని రాసుకోనా?”

“కాదు.”

“పిన్నా? మేనత్తా?”

“పాపకు నేనేమీ కాను.”

గుమాస్తా నవ్వాడు. “ఏమీ కానప్పుడు ఇంత ఆరాటమెందుకమ్మా మీకు?”

“ఆ తీర్పు ఇచ్చింది నేను.”