పందిరి మీది కంపు

ఒక పెరట్లో ఒకే పందిరికి రెండు చిక్కుడు పాదులు పాకాయి. చిన్న పాదుకి అప్పుడే తొలిపూత వచ్చింది, ఒళ్లంతా మురిపెమే. ఒకరోజు పక్కనున్న ముసలి పాదు నుంచి గుప్పున ఘాటు వాసన కొట్టింది.

"ఏమిటత్తా ఈ కంపు? నా పూల దగ్గరికి తుమ్మెదలు రావద్దా?" అని విసుక్కుంది చిన్న పాదు.

"పచ్చపురుగు నా ఆకులు కొరికేస్తోందమ్మా. కాళ్లు లేనిదాన్ని, ఎక్కడికి పారిపోను? ఈ వాసనతోనే కేకేస్తాను" అంది ముసలి పాదు.

చిన్న పాదు తన తీగల్ని అవతలికి తిప్పేసుకుంది. గాలి ఊరుకుంటుందా? రెండు రోజులు ఆ వాసన దాని ఆకుల్ని తడుముతూనే ఉంది.

మూడోనాడు పురుగు ఇటు పాకి వచ్చింది. మొగ్గల దాకా వస్తే ఈ ఏడు కాపు లేనట్టే. పురుగు ఒక ఆకు కొరికి, "థూ, చేదు!" అని ఉమ్మేసింది. అంతలో వాసన పట్టుకుని వచ్చిన కందిరీగ దాన్ని ఎత్తుకుపోయింది.

"నేనెప్పుడు చేదయ్యాను?" అని తెల్లబోయింది చిన్న పాదు.

"నా కేక నీకు కంపే అయినా, నీ ఆకులు విని చేదెక్కాయిలే" అని నవ్వింది ముసలి పాదు.

కొరికిన చోటు నుంచి ఇప్పుడు చిన్న పాదూ అదే వాసన వేస్తోంది. కింద కొత్తగా మొలిచిన చిక్కుడు మొలక "అబ్బ, కంపు!" అంది.

"మూతి తిప్పుకోకే పిచ్చిదానా, గట్టిగా పీల్చు!" అంది చిన్న పాదు.