చిట్టెలుక తవ్విన కన్నం

కడుపుతో ఉన్న చిట్టెలుక పొలం గట్టున కన్నం తవ్వుకోవాలనుకుంది. ఎలా తవ్వాలో తెలియక ముందు పందికొక్కు మామ ఇల్లు చూడబోయింది. లోపల అడుగడుగునా దారులు చీలిపోతున్నాయి.

"ఇన్ని దారులు దేనికి మామా?"

"ఎప్పుడైనా పనికొస్తాయని," అంటూ మామ తన పడకగది ఎటో తోచక తడుముకున్నాడు.

ఎండ్రకాయ అత్తది మాత్రం నిట్టనిలువుగా ఒకటే బొరియ.

"నీళ్లొస్తేనో, పామొస్తేనో ఎలా అత్తా?"

"నీళ్లు నాకు ఇల్లే కదే. పాముకి ఇవి చాలు," అని అత్త డెక్కలు ఆడించింది.

చిట్టెలుక తన చిన్ని కాళ్లకేసి చూసుకుంది. ఒక గది తవ్వి, నీళ్లు చేరకుండా దాన్ని ఎత్తున ఉంచి, వెనక మరో వాకిలి పెట్టుకుంది.

"ఇంతేనా?" అన్నాడు చూడవచ్చిన మామ.

"నాకున్న భయాలు రెండే మామా, నీళ్లూ పామూ."

పిల్లలు పుట్టాక ఓ సాయంత్రం పాము రానే వచ్చింది. చిట్టెలుక పిల్లల్ని వెనక వాకిలి గుండా దాటించింది. పాము పోయి పందికొక్కు ఇంట్లో దూరింది. లోపల మామ దారి తెలియక అటూ ఇటూ పరుగెడుతున్న చప్పుడు విని, చిట్టెలుక ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తూనే ఉంది. ఆ గొంతు పట్టుకునే మామ బయటపడ్డాడు.

తెల్లవారగానే ఆయన దారులు పూడ్చడం మొదలుపెట్టాడు.