తలుపు కొట్టే కాడ

“ప్రాణేశూ, ఆ సినిమాల ఆఖరుకు పిల్లగాడు ఇంటికొస్తడని అవ్వకు చెప్పినవా?” గడపలోనే నిలబడి అడిగాడు పక్కింటి అమరేశప్ప.

జనం పట్టించుకోని మంచి సినిమాలు వెతికి చూడటం, చూపు పోయిన అవ్వకు వాటి కథ చెప్పడం ప్రాణేశ్ అలవాటు. ఆమె ఏడుస్తుందని విషాదాంతాలు మార్చేస్తాడు.

“వస్తడు గద! బంగారమసుంటి సినిమా, ఎవ్వరు చూడలేదంట. అందుకే నిన్ను చూడమంటి,” మంచం మీంచి అంది అవ్వ రామాబాయి.

అమరేశప్ప కొడుకు ముదగల్ ఊరి బస్సెక్కి పోయి తిరిగి రాక ఏడాది దాటింది.

ప్రాణేశ్ అమరేశప్పను వాకిట్లోకి తీసుకుపోయాడు. “తప్పయింది మామా. సినిమాల వాడు రాడు. అవ్వ కోసం నేనే రప్పించిన. ఆమె నీకు చెప్తదనుకోలే.”

“తెలుసు. ఇప్పుడే చూసొచ్చిన.”

“తిట్టు మామా.”

అమరేశప్ప గొంతు తగ్గించాడు. “ఇంట్ల మీ అత్త గూడ ఆ సినిమా చూస్తనని కూసుంది. ఫోన్ల చార్జింగ్ లేదని చెప్పిన. నువ్వొచ్చి ఆమెకు కథ చెప్పు.”

“ఏ కథ?”

“అవ్వకు చెప్పిందే. పిల్లగాడు తలుపు కొట్టే కాడ జర నిమ్మళంగ చెప్పు.”