కొరికిన రొట్టె

తాష్కెంట్‌లో ఇద్దరు మగవాళ్ళు కాపురం చేస్తే జైలే. అందుకే బయటివాళ్ళకి నేను ఇంటివాణ్ణి, దిల్మురాద్ అద్దెవాడు.

పోలీసులు పిలిచారని అతను బయల్దేరుతుంటే రొట్టె అందించాను.

"గంటలో వచ్చేస్తాగా! ఇది సైన్యానికెళ్ళేవాళ్ళకిరా," అని నవ్వుతూనే ఒక ముక్క కొరికాడు. మిగిలింది అతను తిరిగొచ్చి తినాలని, మా ఆచారం ప్రకారం గోడకి తగిలించాను.

అతను రాలేదు; మూడోరోజు పొద్దున ఇన్‌స్పెక్టరొచ్చాడు.

"అతను నీకేమవుతాడు?"

"ఏమీ కాడండీ. అద్దెకుంటున్నాడంతే."

ఆయన గోడకేసి చూశాడు. "మావాడు సైన్యానికెళ్తే మా ఆవిడా ఇలాగే తగిలించింది. అద్దెవాడికెవరు తగిలిస్తారు తమ్ముడూ?"

రొట్టె దించి నా నోటి దగ్గర పెట్టాడు.

"బయల్దేరేముందు నువ్వూ కొరుకు. ఇంట్లో ఇంకెవరూ లేరుగా, నేనే తగిలిస్తాలే."