అధికారం లేని ఆఫీసు

కొండకు పోయే భక్తులకు గదులు రోజు అద్దెకు ఇచ్చుకోవాలని ఇంటి ఓనరు మూడో అంతస్తుకు నీళ్లు ఆపేశాడు. అక్కడ అద్దెకుంటున్న లీలావతి ఐదు రోజులు వీధి కుళాయి నుంచి బిందెలు మోసి, ఆరో రోజు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది.

గుమాస్తా ఢిల్లీబాబు అర్జీ చదివి వెనక్కిచ్చాడు. "అద్దె ఇళ్ల గొడవలు రాష్ట్ర చట్టం కిందికొస్తాయమ్మా. ఓనరును అడిగే అధికారం మాకు లేదు. జిల్లా ఆఫీసుకు పో."

జిల్లా ఆఫీసులో, "నీళ్లు మున్సిపాలిటీ పని. ఆడికే పో" అన్నారు.

ఆ తర్వాత మూడో నాడు పొద్దున్నే ఢిల్లీబాబు ఇద్దరు మనుషులతో మేడెక్కి వచ్చాడు. నీళ్ల సంగతి చూడ్డానికే వచ్చాడనుకుని లీలావతి సంబరపడింది.

"సామాన్లు దించుకోమ్మా. ఈ అంతస్తుకు పర్మిషన్ లేదు. సీలు వేస్తాండాం."

"మొన్న మీకు అధికారం లేదంటిరే సార్?"

"ఓనరు మీద లేదు. కట్టడం మీద ఉండాది."

"ఇది కట్టి పదేండ్లాయ. ఇప్పుడు ఎవరు చెప్పినారు మీకు?"

ఢిల్లీబాబు చేతిలోని కాగితం చూపించాడు. తన ఇంటి మీద తానే ఫిర్యాదు రాసి సంతకం పెట్టాడు ఓనరు.

లీలావతి గిన్నెలూ బట్టలూ కూతురి పుస్తకాలూ మెట్ల మీదికి చేర్చింది.

తాళం మీద లక్క పోస్తూ ఢిల్లీబాబు గొంతు తగ్గించాడు. "నెల తిరక్కుండా ఓనరు జరిమానా కట్టి సీలు తీపిచ్చుకుంటాడు. నీకు కావాలంటే చెప్పు, అప్పుడు ఇదే గది రోజు అద్దెకు ఇప్పిస్తా."

ఆరకముందే ఆ లక్క మీద తుపుక్కున ఉమ్మి, లీలావతి మెట్లు దిగింది.