దగ్గరి దేశం

మనిషిని చూసి మనిషికి కడుపు మండటం లోకంలో మామూలే. అనురాగ్‌కు మాత్రం ఏకంగా ఒక దేశాన్ని చూసి మండింది. అదీ మూడు నిమిషాల వీడియోలో.

ఆ వీడియో వేసి చూపించింది క్లయింటు మేడమ్. యూరప్‌లో ఆవిడ కంపెనీకి వందల చెప్పుల షాపులున్నాయి. ఆ షాపుల్లో కంప్యూటర్లు మొరాయిస్తే కిషన్‌బాగ్ ఆఫీసులో కూర్చుని బాగుచేసేది అనురాగ్ వాళ్ల టీమ్. మీటింగు గది టీవీలో కొండలు, నది, ల్యాప్‌టాప్‌లు పట్టుకుని నవ్వుతున్న కుర్రాళ్లు. "మీ ఐటీ పనిని ఏడు సముద్రాల అవతలికి ఎందుకు పంపుతారు? మేం మీకు రెండు గంటల దూరంలో ఉన్నాం. మీ గడియారమే మా గడియారం. మీ పండుగలే మా పండుగలు" అంటోంది ఓ తీయని గొంతు. ఆ దేశం పేరు ఇప్పుడు మనకెందుకు లెండి.

"రెండు నెలలుగా సగం పని వీళ్లకిచ్చి చూస్తున్నాం" అంది మేడమ్. "అక్కడ ఐరీనా ఒక్కతే మీ ముగ్గురి పని చేస్తోంది. నెలాఖరు తర్వాత ఒక్క టీమే ఉంటుంది. దానికి ఒక్కరే లీడ్ ఉంటారు."

లీడ్ అన్న మాట వినగానే అనురాగ్ నిటారుగా కూర్చున్నాడు. హైదరాబాద్ నిలిస్తే ఆ కుర్చీ తనదేనని ఆఫీసులో అందరికీ తెలుసు. నిలవకపోతే కుర్చీ మాట దేవుడెరుగు, ఉద్యోగమే ఉండదు.

"ఐరీనా మస్తు తెలివిగల్లది అనురాగ్ భాయ్" అంది పక్క సీటు ఫర్హీన్. "నేను పొద్దంత ఎతికిన తప్పు ఐదు నిమిషాల్ల పట్టింది."

"ఆమె ముచ్చట నా దగ్గర తియ్యకు."

"నీకు కుళ్లు."

"అవు, కుళ్లే. ఏందిప్పుడు?"

బోనాల తెల్లారి సోమవారం ఊరంతా సెలవు. ఘటాల ఊరేగింపని చార్మినార్ చుట్టుపక్కల దారులన్నీ మూసేశారు. అయినా మాదన్నపేట నుంచి సగం పట్నం చుట్టి అనురాగ్ ఆఫీసుకొచ్చాడు. ఆ రోజు ఐరీనా జాడ లేదు. ఆమె పని కూడా తానే చేసేసి, మేడమ్ మెచ్చుకుంటుందని కాచుకుని కూర్చున్నాడు.

మంగళవారం అందరూ ఉన్న గ్రూపులో ఐరీనా మెసేజ్ పెట్టింది. "నిన్న మా ఊళ్లో ఊరేగింపు. దారులన్నీ మూసేశారు, ఆఫీసుకు రాలేకపోయాను. క్షమించండి."

మేడమ్ కోప్పడలేదు సరికదా, మురిసిపోయింది. "ఊరేగింపులు కూడా ఉన్నాయా మీకు? ఎంత ముచ్చటైన దేశం" అని జవాబిచ్చింది. అనురాగ్ పని గురించి ఒక్క ముక్క లేదు.

"జూసినవా ఫర్హీన్? మనం ఊరేగింపుల ఇరుక్కుంటే సాకులంటరు. వాళ్లు ఇరుక్కుంటే ముచ్చటంట" అన్నాడు అనురాగ్. అంటుండగానే అనుమానం తట్టింది, ఇక్కడి ఊరేగింపూ అదే సోమవారం కదా అని. వెంటనే ఆ దేశపు సెలవుల జాబితా తెరిచాడు. ఆ సోమవారం అక్కడ పండుగా లేదు, పబ్బమూ లేదు.

గురువారం ఇంటి నుంచి పని చేస్తుంటే నాలుగింటికి మాదన్నపేటలో కరెంటు పోయింది, నెట్టూ పోయింది. ముప్పావు గంటకు వచ్చింది. నెట్ లేక ఆలస్యమైందని అనురాగ్ మెసేజ్ కొట్టాడు. సరిగ్గా దాని కిందే ఐరీనా మెసేజ్ పడింది. ఆమెకూ ఇంట్లో నెట్ లేదట, ఇప్పుడే వచ్చిందట. శుక్రవారం కరెంటు రెండుసార్లు పోయింది. ఐరీనా కూడా రెండుసార్లు పోయింది.

"ఐరీనా లేదు గీరీనా లేదు" అని ఫర్హీన్‌కు ఫోన్ చేశాడు. "ఆ దేశం కంపెనోళ్లు పని పట్టుకొని, మా మాదన్నపేటల ఎవరితోనో చేయిస్తున్నరు. మేడమ్‌కు మెయిల్ కొడుతున్న."

"ఊకో భాయ్. ఆమె ఎవరో, ఏం కష్టముందో. మనలెక్కనే బతుకుతున్నది గదా."

"గట్లయితే నేను బతకొద్దా?"

తేదీలు, టైములు, ఊరేగింపు ఫొటోలు, కరెంటు పోయిన వివరాలు అన్నీ పెట్టి మెయిల్ కొట్టేశాడు. కొట్టాక ఒళ్లు తేలికైంది. రెండు నెలల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

వారం తిరిగేసరికి మేడమ్ జవాబు వచ్చింది. "విచారించాం. మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆ దేశంతో ఒప్పందం రద్దు చేశాం. ఇక పనంతా హైదరాబాద్‌లోనే. కొత్త లీడ్ సోమవారం బాధ్యతలు తీసుకుంటారు."

అనురాగ్ అందరికీ వేడివేడి ఖీమా లుక్మీలు తెప్పించాడు. "ఒక దేశాన్నే ఓడగొట్టిన" అంటూ లేని మీసం దువ్వాడు. ఫర్హీన్ ఒక్కతే లుక్మీ ముట్టుకోలేదు, ఆకలి లేదంది.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందొచ్చి లీడ్ గదిలో కూర్చున్నాడు. కుర్చీ ఎత్తు సరిచేసుకుంటుంటే, చేతిలో టిఫిన్ సంచీతో ఒకావిడ తలుపు దగ్గర నిలబడింది.

"ఇంటర్వ్యూకు వచ్చినవా అమ్మా?" అన్నాడు దర్జాగా. "గట్ల బయట కూసో. ముందు నేను చూస్త, తర్వాత సార్ చూస్తరు."

ఆవిడ జవాబు చెప్పేలోపే వెనక నుంచి మేనేజరు బాలకిషన్ సార్ నవ్వుకుంటూ వచ్చాడు.

"అనురాగ్, మేడమ్ నీకు స్పెషల్‌గ థాంక్స్ చెప్పుమన్నది. నువ్వు ఆరా తియ్యకపోతే, ఐరీనా అంటే మన మాదన్నపేట కీర్తిప్రియ అని వాళ్లకు ఎన్నటికీ తెల్వకపోతుండె. ఇగ లే, మీ లీడ్‌ను కూసోనియ్."